డెల్టా నేలలో రాతి అరుగు: ముందు నీళ్ళ సంగతి, తర్వాతే రాళ్ళ సంగతి

మీ ఇల్లు రాజోలు దగ్గర. తూర్పు గుమ్మం ముందు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో 2 అడుగుల ఎత్తున రాతి అరుగు కట్టించాలనుకుంటున్నారు. నాన్నగారు సాయంత్రం పూట కుర్చీ వేసుకుని కూర్చోవడానికి, పండక్కి అందరూ వస్తే వరసగా విస్తళ్ళు వేయడానికి. మీ మేస్త్రిగారు "చుట్టూ గోడ లేపి, చేలో మట్టి తోలించి, పైన తాండూరు రాయి పరిచేద్దాం, పది రోజుల పని" అన్నారట. అది సరిపోతుందా, ఏ రాయి వేయాలి, సరుకు ఎంత పడుతుంది అని అడిగారు.

సరిపోదండి. గోడ గురించి ఆయన చెప్పింది బాగానే ఉంది, తేడా అంతా చేలో మట్టి దగ్గరే. ముప్ఫై ఏళ్ళుగా అంబాజీపేట, రావులపాలెం, పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్ళ పనులు చేయిస్తున్నాను. పాడైన అరుగులు చాలా విప్పించాను. వాటిలో పైన పరిచిన రాయి నాసిరకం కావడం వల్ల చెడిపోయినవి ఒకటో రెండో. మిగతావన్నీ లోపల నింపిన మట్టి వల్ల, అందులో చేరిన నీళ్ళకు బయటికి దారి లేక చెడిపోయినవే.

నా చేతిలో జరిగిందే చెబుతాను. సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టిన రెండో ఏడాది, ముమ్మిడివరం వైపు ఒక ఊళ్ళో ఇలాంటి అరుగే కట్టాను. ఇంటివాళ్ళు చేలో చెరువు తవ్విస్తున్నారు, మట్టి ఊరికే వస్తోంది కదా అని అదే నింపాను. నల్లమట్టి. ఎండాకాలం కాబట్టి బెడ్డలు బెడ్డలుగా, చూడటానికి గట్టిగానే ఉంది. నీళ్ళు పోయే గొట్టాలు పెట్టలేదు. మొదటి వానాకాలం ఏమీ కాలేదు. రెండో ఏడు ఆశ్వయుజంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వదలకుండా కురిసింది. ఫోను వస్తే వెళ్ళి చూశాను. ముందు గోడకు మధ్యలో పొట్ట వచ్చింది. దారం పట్టి చూస్తే రెండున్నర అంగుళాలు బయటికి ఉంది. గునపంతో కింది వరసలో ఒక రాయి కదిపాను. రాయి పూర్తిగా ఊడి రాకముందే దరజులోంచి, అంటే రాళ్ళ మధ్య అతుకులోంచి, నల్లటి నీళ్ళు చిమ్మాయి, వాటి వెనకే మట్టి దోసెపిండిలా జారుతూ వచ్చింది. చేయి పెడితే మోచేతి దాకా దిగబడింది. వాన వెలిసి రెండు రోజులైనా లోపల అంత నీరు. ఆ గోడ మొత్తం విప్పి నా ఖర్చుతో మళ్ళీ కట్టాను. అప్పటి నుంచి నల్లమట్టి నింపి ఒక్క అరుగు కూడా కట్టలేదు.

మన నేలంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఏటిగట్ల దగ్గర, లంకల్లో ఇసుక పాలు ఎక్కువ. కాలువల కింద వరిచేలల్లో బంక ఎక్కువ. ఆ బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. అరుగు లోపల ఉబ్బినప్పుడు గోడను బయటికి, పలకలను పైకి నెడుతుంది. ఎండినప్పుడు పలక కింద ఖాళీ వదిలేస్తుంది, ఆ ఖాళీ మీద కుర్చీ కాలు పడితే రాయి చిట్లుతుంది. మీ నేల ఏ రకమో తెలుసుకోవడం తేలిక. గుప్పెడు మట్టి తడిపి అరచేతుల మధ్య తాడులా పేనండి. పెన్సిల్ కంటే సన్నగా అయినా తెగకుండా సాగితే అది బంకమట్టి. ఏప్రిల్ నెలాఖర్లో పెరట్లో నెర్రెల్లోకి చూపుడువేలు దూరుతున్నా అదే అర్థం.

అలాంటి నేల మీద రాతి కట్టడం నిలబడదేమోనని టెన్షన్ పడకండి. ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా కట్టింది ఏటి ఇసుక మీదే, పక్కనున్న కొండ నుంచి తీసిన రాయితోనే. మెత్తటి నేల మీద బరువును ఎలా పరచాలో తెలిస్తే చాలు. మీ అరుగు గోడకు 2 అడుగుల లోతు, రెండుంబావు అడుగుల వెడల్పు పునాది తవ్వించండి. అడుగున 6 అంగుళాలు గోదావరి ఇసుక పోసి, నీళ్ళు పెట్టి, దిమ్మిసతో కొట్టించండి. దాని మీద 4 అంగుళాల కాంక్రీటు, ఒక పాలు సిమెంటుకు నాలుగు ఇసుక, ఎనిమిది కంకర. అక్కడి నుంచి రాతి కట్టడం. కట్టాక పునాది పక్కన మిగిలే సందులో తవ్వి తీసిన నల్లమట్టిని తిరిగి వేయనివ్వకండి. కూలీలు అలవాటుగా అదే లాగేస్తారు. ఆ సందు కూడా ఎర్ర గ్రావెల్‌తోనే నిండాలి.

గోడకు రాయి మన దగ్గర దొరకదు కదా, డెల్టాలో కొండే లేదు. ఎక్కువగా కొవ్వూరు దగ్గర గౌరీపట్నం, పంగిడి క్వారీల నుంచి వస్తుంది. అక్కడి నల్లరాయి మంచి గట్టిది. లారీ దింపేటప్పుడు మీరు పక్కన ఉండి నాలుగు రాళ్ళను సుత్తితో కొట్టి చూడండి. ఖణేల్మని మోగాలి. మొద్దుగా 'దబ్' అంటే లోపల పగులో, మెత్తబడిన పొరో ఉన్నట్టు. తుప్పు రంగు చారలతో చేత్తో గీకితే రాలేవి తీసి పక్కన పెట్టించండి, అవి నేలలో పడితే ఏటికేడు పొడి అవుతాయి. రాయికి అంటిన మట్టి కడిగాకే గోడలోకి వెళ్ళాలి. మాలు, అంటే సిమెంటు ఇసుక కలిపిన ముద్ద, రాయిని పట్టుకోవాలి గానీ మట్టిని కాదు.

గోడ మందం 18 అంగుళాలు. మాలు ఒక పాలు సిమెంటుకు ఆరు ఇసుక. ఇక్కడ మేస్త్రి పనితనం తెలుస్తుంది. ముందు ఒక వరస, వెనక ఒక వరస రాళ్ళు పేర్చి మధ్యలో మాలు కుమ్మరించే పద్ధతి ఉంది, పని చకచకా సాగుతుంది. అలా కట్టింది ఒక గోడ కాదు, పక్కపక్కన నిలబెట్టిన రెండు పలచటి గోడలు. మధ్య సందుల్లో రాతి ముక్కలు కొట్టి బిగించి, వాటి చుట్టూ మాలు పోవాలి. ప్రతి నాలుగైదు అడుగులకు ఒక పొడుగు రాయి ముందు ముఖం నుంచి వెనక ముఖం దాకా అడ్డంగా పడాలి. ఈ వరసలో పడితే పై వరసలో ఆ రాళ్ళ మధ్యకు జరగాలి. నిలువు దరజు కింది దరజు మీదకు రాకూడదు. పెద్ద రాళ్ళు మూలలకు దాచమనండి, అందంగా ఉన్నాయని ముందు ముఖంలో అయిపోగొట్టేస్తారు. గోడ ముఖం కాస్త లోపలికి వాలి ఉంటే ఇంకా మంచిది, 2 అడుగుల ఎత్తుకు ఒకటిన్నర అంగుళం చాలు.

ఇంటి గోడకు ఈ కొత్త గోడను పళ్ళు పెట్టి, అంటే పాత గోడలోకి రాళ్ళు దూర్చి, కలపనివ్వకండి. మీ ఇల్లు దిగాల్సినంత ఎప్పుడో దిగిపోయింది. అరుగు ఇప్పుడు దిగడం మొదలుపెడుతుంది. రెండూ కలిపేస్తే ఆ అతుకు దగ్గర ఇంటి గోడే చీలుతుంది. మధ్య అర అంగుళం సందు ఉంచి థర్మోకోల్ పెట్టండి, చివర్లో పైన సీలెంట్ నింపవచ్చు. అరుగు మట్టి తగిలే మేర ఇంటి బేస్‌మట్టం గోడకు ముందే తారు రెండు పూతలు వేయించండి. లేకపోతే ఆ చెమ్మ ఇంటి లోపలి గోడలో తేలి, సున్నం ఉప్పులా రాలుతుంది. అరుగు పైమట్టం ఇంటి గచ్చు కంటే 6 అంగుళాలు కిందే ఉండాలి. మీ బేస్‌మట్టం రెండున్నర అడుగులన్నారు కాబట్టి 2 అడుగుల అరుగు సరిగ్గా కుదురుతుంది.

ఇక నింపడం. డబ్బు, ఓపిక ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడ. లోపలి జాగాలో పైనున్న 6 అంగుళాల మట్టి గడ్డి వేళ్ళతో సహా చెక్కేయండి. కోనసీమ ఇళ్ళలో పెరడంతా కొబ్బరి డొక్కలు, పీచు, మట్టలు ఉంటాయి. నింపేది ఎలాగూ కనపడదని అవన్నీ అందులోకి తోసేస్తారు. రెండేళ్ళకు అవి కుళ్ళి గుల్లవుతాయి, ఈలోగా చెదలు పట్టి ఇంటి దూలాల దాకా దారి వేసుకుంటాయి. రైస్‌మిల్లు బూడిద కూడా వద్దు. తేలిగ్గా, చవగ్గా వస్తుంది గానీ నీళ్ళతో పాటే కారిపోతుంది. రొయ్యల చెరువు మట్టి అయితే అసలు ఇంటి ఛాయలకే రానివ్వకండి, అందులోని ఉప్పు రాతిలోంచి తెల్లగా పొంగుతూనే ఉంటుంది.

మెట్ట నుంచి, అంటే రాజానగరం, పెద్దాపురం వైపు నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ తోలించండి. తడిస్తే ఉబ్బదు, దిమ్మిసకు బాగా కుదురుతుంది. గోడ కట్టడం అయ్యాక కనీసం రెండు వారాలు ఆగి నింపడం మొదలుపెట్టాలి. ఒకసారి 6 అంగుళాల మందం పరిచి, తడిపి, కొట్టి, తర్వాతి పొర. తడి ఎంత ఉండాలంటే, గుప్పెడు తీసి పిసికితే ఉండ కావాలి, చేతికి నీరు అంటకూడదు. దిమ్మిస దెబ్బ మొదట మెత్తగా వినిపిస్తుంది, కుదిరాక దిమ్మిస ఎగిరి పడుతుంది, చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు వచ్చేదాకా పై పొర వేయనివ్వకండి. గోడకు అడుగున్నర లోపల మెషీన్ పెట్టకుండా చేతి దిమ్మిసే వాడాలి. పచ్చి గోడను మెషీన్ అదురు కదిలిస్తుంది.

గోడ కట్టేటప్పుడే నీళ్ళ గొట్టాలు పెట్టేయాలి. నేలకు 4 నుంచి 6 అంగుళాల పైన, ప్రతి నాలుగైదు అడుగులకు ఒకటి, 3 అంగుళాల పీవీసీ గొట్టం, బయటికి కాస్త వాటం ఉండేలా. మీకు మూడు వైపులా కలిపి ఎనిమిది తొమ్మిది పడతాయి. గొట్టం లోపలి మూతి చుట్టూ 40 ఎంఎం కంకర ఒక తట్టెడు పోసి, ఆ తర్వాత గ్రావెల్ రావాలి. లోపలి మూతికి ఇనప జాలీ తప్పనిసరి. మన వైపు పందికొక్కుల సంగతి మీకు తెలుసు. ఒక గొట్టం దొరికితే అరుగంతా తొలిచేస్తాయి, వాటి వెనక పాము చేరుతుంది. మీ ఊరికి వరద నీరు వచ్చే అలవాటు ఉంటే, 2022 జూలైలో మీ వీధిలోకి వచ్చి ఉంటే, ఈ గొట్టాలు ఇంకా ముఖ్యం. వరద తీసేటప్పుడు బయట నీరు దిగిపోతుంది, అరుగు లోపలి నీరు మాత్రం అలాగే ఉండి గోడను తోస్తుంది. నీరు తీశాక గొట్టాల్లో ఒండ్రు పేరుకుంటుంది, ఒక ఇనప చువ్వతో పొడిచి దాన్ని తీసేయాలి.

పది రోజుల పని అన్నారు కదా. నా సలహా వింటే దీన్ని రెండు విడతలుగా చేయండి. మార్చి, ఏప్రిల్‌లో నేలలో నీటిమట్టం దిగి ఉంటుంది, అప్పుడు పునాది, గోడ, నింపడం పూర్తిచేయండి. పైన రాయి పరచకుండా ఆ ఏడాది వానలు దాని మీద పడనివ్వండి. ఎంత దిమ్మిస కొట్టినా ఒక వానాకాలం చేసినంత పని మనిషి చేయలేడు. అక్కడక్కడ అంగుళమో, అర అంగుళమో కుంగుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటాక, కుంగిన చోట గ్రావెల్ వేసి సరిచేసి, సంక్రాంతి ముందు రాయి పరిపించండి. నాన్నగారికి ఎనిమిది నెలలు ఆలస్యమవుతుందని మీకు కష్టంగా ఉండొచ్చు. ఈలోగా ఆ గ్రావెల్ మీదే కుర్చీ వేసుకోవచ్చు, నేను కట్టిన చాలా ఇళ్ళలో అలాగే కూర్చున్నారు.

వేసవి పనిలో ఒక చిక్కుంది. సరిగ్గా అప్పుడే కాలువలు కట్టేస్తారు. మీ వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఉప్పునీటితో మాలు కలిపి, అదే నీటితో తడిపితే గోడ ఆరినప్పుడల్లా దరజుల మీద తెల్లటి పొడి లేస్తుంది. కాలువ కట్టకముందే ఒక ట్యాంకు నింపి పెట్టుకోండి, లేదా మంచినీటి చెరువు నుంచి తోలించుకోండి. గోడకు పది రోజులు తడి ఆరకూడదు, వేసవి ఎండలో గోనెసంచులు కప్పి తడపాలి.

పైన ఏ రాయి అన్నదానికి వస్తే, తాండూరు, బేతంచెర్ల, కడప రాళ్ళన్నీ సున్నపురాయి జాతివే. మీరు ఏది వేసినా పాలిష్ చేసింది మాత్రం వద్దు. శ్రావణంలో వారం రోజులు ముసురు పడితే పాచి పట్టి అద్దంలా జారుతుంది, పెద్దవాళ్ళు తిరిగే చోటు. కడప నల్లరాయి చూడటానికి బాగుంటుంది గానీ మే నెలలో మధ్యాహ్నం దాటినా కాలు పెట్టలేరు. నన్నడిగితే పాలిష్ లేని తాండూరు బూడిదరంగు రాయి, 2 అడుగుల పలకలు, ఒకటిన్నర అంగుళం మందానికి తగ్గకుండా. మందం గురించి ఎందుకు పట్టుబడుతున్నానంటే, మీ తూర్పు వైపు కొబ్బరిచెట్లు ఉన్నాయన్నారు. ముదురు కాయ అంత ఎత్తు నుంచి పడితే ముప్పావు అంగుళం పలక నక్షత్రంలా పగులుతుంది. చుట్టూ గోడ మీద మాత్రం 2 అంగుళాల గ్రానైట్ అంచు రాయి వేయండి, గరుకు ముఖంతో. గోడ కంటే అంగుళం ముందుకు రావాలి, ఆ ముందుకొచ్చిన అంచు కింద ఒక గాడి కొట్టించండి. వాన నీరు ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది, గోడ ముఖం మీదుగా కారదు.

పరిచే ముందు గ్రావెల్ మీద 4 అంగుళాల కాంక్రీటు పడాలి, మధ్యలో ఒక సందుతో రెండు భాగాలుగా. వాటం ఇంటి నుంచి బయటికి, 12 అడుగులకు 2 అంగుళాలు. ఈ వాటం కాంక్రీటులోనే రావాలి, పై మాలుతో సరిచేద్దామంటే ఒప్పుకోకండి. కాంక్రీటు ఆరాక నాలుగు బిందెల నీళ్ళు గుమ్మం దగ్గర కుమ్మరించి చూడండి. ఎక్కడ నిలిస్తే అక్కడ బొగ్గుతో గీత గీసి సరిచేయించి, అప్పుడు రాయి. పలక కింద మాలు మొత్తం పరుచుకోవాలి. నాలుగు మూలల కింద నాలుగు ముద్దలు పెట్టి పలక వేసేస్తే మధ్య బోలుగా ఉండిపోతుంది. మర్నాడు ఉదయం మీరే తాపీ వెనకవైపు కర్రతో ఒక్కో పలకను మధ్యలో, నాలుగు మూలల్లో తట్టుకుంటూ వెళ్ళండి. నిండుగా కూర్చున్న పలక బరువైన చప్పుడు చేస్తుంది. బోలు పలక కుండ మీద తట్టినట్టు ఉంటుంది. వాటిని అప్పుడే లేపించాలి, మాలు గట్టిపడ్డాక రాయి పగలకుండా రాదు.

సరుకు లెక్క ఇలా వస్తుంది. గోడకు, పునాదికి కలిపి సుమారు 230 ఘనపుటడుగుల కట్టడం, దానికి రాయి మూడు యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). గ్రావెల్ కొట్టాక 340 ఘనపుటడుగులు ఉండాలి, కాబట్టి నాలుగున్నర యూనిట్లు తోలించాలి. సిమెంటు అన్నిటికీ కలిపి 25 నుంచి 30 బస్తాలు. పలకలు, అంచు రాయి కలిపి 240 చదరపుటడుగులు, కోతలో పోయేది కలుపుకుని 265 చెప్పండి. మెట్ల రాయి వేరు. రేట్లు మీ ఊరి దూరాన్ని బట్టి మారతాయి, ఈ లెక్క చేతిలో పెట్టుకుని ఇద్దరు ముగ్గురిని అడగండి.

మెట్లు మూడు, ఎత్తు 6 అంగుళాలు, అడుగు వెడల్పు. ఒక పక్కన స్టీలు పట్టు పెట్టించండి, నాన్నగారు ఇప్పుడు వద్దన్నా సరే. పెంకుటిల్లు కాబట్టి చూరు నీళ్ళు సరిగ్గా అరుగు మీద ధారగా పడతాయి, చూరు కింద రేకు కాలువ కట్టించి ఆ నీటిని పక్కకు తిప్పేయండి. పాచి పడితే బ్లీచింగ్ నీళ్ళతో బ్రష్షు పెట్టి తోమితే పోతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం ఈ రాయి మీద పోయకండి, నురుగు లేచి రాయి పైపొర తినేస్తుంది. చింతపండు, నిమ్మరసం పడినా మచ్చ పడుతుంది కాబట్టి భోజనాలయ్యాక వెంటనే కడిగేయమనండి. ఇంకొకటి, కడియం వెళ్ళి మొక్కలు తెచ్చి గోడ వెంబడి మడి కట్టాలని ఇంట్లో వాళ్ళకు తప్పకుండా అనిపిస్తుంది. కట్టుకోండి, కానీ మడి మట్టి గొట్టాల మూతుల కంటే కిందే ఉండాలి.